క్లయింట్ లేని గది

యాభై ఏళ్ల కాపీరైటర్‌ను ఎప్పుడైనా చూశారా? హైదరాబాద్‌లో ఏ యాడ్ ఏజెన్సీ మెట్లెక్కినా క్రియేటివ్ విభాగంలో కనిపించేది పాతికా ముప్పై మధ్య వయసువాళ్లే. ముప్పై అయిదుకు గాజు క్యాబిన్ వస్తుంది. నలభైకి విజిటింగ్ కార్డు మీద పట్టనంత హోదా వస్తుంది. ఆ తర్వాత మనిషి ఎటు పోయాడని ఎవరూ అడగరు. కొందరు సొంతంగా ఏజెన్సీ పెట్టుకుంటారు. కొందరు ఫిల్మ్‌నగర్ దగ్గరే కదా అని మాటల రచయితలుగా అటు జరుగుతారు. కొందరు క్లయింట్ కంపెనీలోనే మార్కెటింగ్ మేనేజర్లుగా చేరి, నిన్నటిదాకా తాము తిన్న చీవాట్లను పాత ఏజెన్సీకి వడ్డీతో సహా చెల్లిస్తారు. మిగిలినవాళ్లలో కొద్దిమంది యూనివర్సిటీ బాట పడతారు. నేనూ ఆ బాట పట్టినవాణ్నే. జర్నలిజం శాఖలో ప్రకటనల పేపరు చెబుతున్నాను.

‘‘హాయిగా వేసవి సెలవులు, సాయంత్రం అయిదింటికల్లా ఇల్లు. మంచి పని చేశావోయ్’’ అన్నారు మా బావగారు. ఏజెన్సీ మిత్రులు పైకి అభినందించి, వెనకాల ‘‘పాపం, అలసిపోయాడు’’ అనుకున్నారు. పేపర్లు దిద్దే రోజులూ, యూనివర్సిటీకి గ్రేడు ఇచ్చే నాక్ బృందం వస్తోందని అర్ధరాత్రిదాకా ఫైళ్లు సర్దే రోజులూ బావగారికి కనిపించవు. అలసట సంగతి పూర్తిగా అబద్ధమేమీ కాదు గానీ, అసలు కారణం అది కాదు. ఏజెన్సీ ఇప్పుడు ఎవరికీ పని నేర్పడం లేదు. నేర్చుకోవాలనుకునే పిల్లలు ఎక్కడున్నారో నేర్పగలిగినవాడు అక్కడికే వెళ్లాలి. నాలాంటి వాళ్లు ఈ వయసులో నల్లబల్ల ముందు నిలబడటానికి అంతకుమించిన తర్కం లేదు.

పాత ఏజెన్సీ ఒక రకంగా బడే. కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి ఏడాది పెద్ద ప్రకటన ఇచ్చేవారు కాదు. టెండర్ నోటీసులు, సంతాప ప్రకటనలు, పండగ శుభాకాంక్షలు, రియల్ ఎస్టేట్ బ్రోచర్లు. ఒక చీరల దుకాణం ఆషాఢం డిస్కౌంట్‌కు హెడ్‌లైన్ రాయమంటే వంద రాయాలి. సీనియర్ వాటిని పేక ముక్కల్లా తిరగేసి తొంభై ఎనిమిది చెత్తబుట్టలో వేసేవాడు. మిగిలిన రెండింటిలో ఏముందో అరనిమిషం చెప్పేవాడు. ఆ అరనిమిషమే చదువు. పక్కనే విజువలైజర్ ట్రేసింగ్ పేపర్ మీద చేత్తో లేఅవుట్ వేస్తుంటే, అక్షరానికి చోటు ఎలా ఇవ్వాలో చూసి నేర్చుకునేవాళ్లం.

ఇప్పుడు చిన్న దుకాణం కూడా నెలకు ఇన్ని పోస్టులు, ఇన్ని రీల్స్ అని లెక్కన కొంటోంది. చేరిన రోజే కుర్రాడు లైవ్‌లోకి వెళ్లాలి. మొదటి ముసాయిదా ఏఐ రాసిపెడుతుంది. వంద రాసి తొంభై ఎనిమిది పారేసే తీరిక జూనియర్‌కూ లేదు, వాటిని చదివే తీరిక సీనియర్‌కూ లేదు. ఇక ఏజెన్సీలే నిలకడగా లేవు. 1864లో న్యూయార్క్‌లో మొదలై, మన దేశంలోనూ తరాలపాటు కాపీరైటర్లను తయారుచేసిన జేడబ్ల్యూటీని 2018లో వండర్‌మన్‌తో కలిపారు. 2023లో ఆ కలిపినదాన్ని కూడా వీఎంఎల్‌లో కలిపేస్తున్నట్టు ప్రకటించారు. నూట యాభై ఏళ్లు దాటిన పేరు అలా బోర్డు మీంచి దిగిపోయింది.

ఆదివారం రాసుకున్న పాఠం

ఆ జేడబ్ల్యూటీ మనిషే ఈ దారిలో అందరికన్నా ముందు నడిచినవాళ్లలో ఒకడు. జేమ్స్ వెబ్ యంగ్. మత గ్రంథాలు అమ్మే ప్రచురణ సంస్థలో పని మొదలుపెట్టి, ఏజెన్సీలో చేరి, వైస్ ప్రెసిడెంట్ దాకా ఎదిగాడు. చేతిలో డబ్బు, పేరు రెండూ ఉండగా 1930ల్లో షికాగో విశ్వవిద్యాలయం బిజినెస్ స్కూల్లో ప్రకటనల పాఠం చెప్పడానికి వెళ్లాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం, మర్నాడు క్లాసులో పిల్లలకు ఏం చెప్పాలా అని కూర్చుని రాసుకున్న నోట్సే తర్వాత ‘ఎ టెక్నిక్ ఫర్ ప్రొడ్యూసింగ్ ఐడియాస్’ అనే చిన్న పుస్తకమైంది. గంటలో చదివేయొచ్చు. 1940లో వచ్చిన ఆ పుస్తకం ఇవాళ్టికీ ప్రతి ఏజెన్సీలో ఎవరో ఒకరి డ్రాయర్‌లో ఉంటుంది.

అందులో చెప్పింది అయిదు మెట్లు. సరుకు పోగుచెయ్యి. దాన్ని మనసులో అటూ ఇటూ తిప్పి నలగ్గొట్టు. ఆపైన పూర్తిగా వదిలేసి సినిమాకో కచేరీకో పో. ఎప్పుడో స్నానం చేస్తుంటేనో గడ్డం గీసుకుంటుంటేనో ఆలోచన దానంతటది వస్తుంది. వచ్చాక బయటికి తీసుకొచ్చి, నలుగురికీ చూపించి, చెక్కి సరిచెయ్యి. అంతే. ‘ఇదేం పెద్ద సంగతి’ అని ఏజెన్సీలో ఎవరైనా అనొచ్చు. కానీ ఏళ్లతరబడి ఆ పని చేసినవాడికి కూడా, తాను చేస్తున్నదేమిటో విడగొట్టి చెప్పాల్సిన అవసరం క్లాసు ఉంటేనే వచ్చింది. ఏజెన్సీలో ‘ఐడియా ఎలా వచ్చింది’ అని అడగరు, ‘ఎప్పుడిస్తావ్’ అని అడుగుతారు.

దారి రెండు వైపులా ఉందని కూడా చెప్పాలి. మనస్తత్వశాస్త్రంలో బిహేవియరిజానికి ఆద్యుడైన జాన్ బి. వాట్సన్‌ను 1920లో ఒక ప్రేమ వ్యవహారం కారణంగా జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ బయటికి పంపింది. ఆయన వెళ్లి చేరింది జేడబ్ల్యూటీలోనే. నాలుగేళ్లకే వైస్ ప్రెసిడెంట్ అయ్యాడు. ప్రొఫెసర్‌గా సంపాదించిన దానికి ఎన్నో రెట్లు అక్కడ సంపాదించాడు. యూనివర్సిటీ మాత్రం మళ్లీ పిలవలేదు.

మన దగ్గర సుబ్రతో సేన్‌గుప్తా ఉన్నారు. కలకత్తా క్లారియన్ ఏజెన్సీ నుంచి వెళ్లి అక్కడి ఐఐఎంలో ప్రొఫెసర్ అయ్యారు. బ్రాండ్ పొజిషనింగ్ మీద ఆయన రాసిన పుస్తకం భారతీయ ఉదాహరణలతో వచ్చింది. సబ్బు గురించీ టీపొడి గురించీ మన పిల్లలు మన సబ్బులు, మన టీపొడులతోనే చదువుకునే వీలు కలిగింది. ఎఫ్‌సీబీ ఉల్కాను నడిపిన అంబి పరమేశ్వరన్ ఏజెన్సీలో ఉండగానే ముంబయి యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసి, బిజినెస్ స్కూళ్లలో పాఠాలు చెబుతున్నారు.

తెలుగువాళ్లం మొదట చెప్పుకోవాల్సిన పేరు మాత్రం ఎ.జి. కృష్ణమూర్తిది. ఆయన క్లాసులో ప్రొఫెసర్‌గా కుదురుకున్న మనిషి కాదు. అంతకన్నా పెద్ద పనే చేశారు. వినుకొండలో పుట్టి, అహ్మదాబాద్ చేరి, శిల్పి ఏజెన్సీలో పని నేర్చుకుని, రిలయన్స్‌లో ప్రకటనల మేనేజర్ అయ్యారు. 1980 మార్చి 25న 35 వేల రూపాయలతో, విమల్ అనే ఒకే ఒక్క క్లయింటుతో ముద్రా పెట్టారు. ‘ఐ లవ్ యూ రస్నా’ అన్న చిన్నపిల్ల గుర్తుందా? అది ముద్రా పనే. ఏజెన్సీ పెరిగేకొద్దీ మనుషులు దొరకలేదు. ముంబయి ఏజెన్సీల నుంచి ఎక్కువ జీతమిచ్చి లాక్కోవడం ఒక పద్ధతి, ఆ రోజుల్లో అందరూ చేసేది అదే. ఆయన బడి కట్టారు. 1991లో అహ్మదాబాద్ శివార్లలో ముద్రా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కమ్యూనికేషన్స్ మొదలైంది. ఇప్పుడు అందరూ మైకా అంటారు. ముద్రా ఏజెన్సీ 2011లో ఆమ్నికామ్ చేతికి పోయి డీడీబీ ముద్రా అయింది. ఏజీకే 2016లో కన్నుమూశారు. ఆ బడిలోంచి ఏటా పిల్లలు బయటికొస్తూనే ఉన్నారు.

గేటు దగ్గర

ఎవరైనా ఏజెన్సీ మిత్రుడు ‘నేనూ వచ్చేస్తా’ అంటే మొదట అడిగే ప్రశ్న పీజీలో ఎంత శాతం అని. కంగుతింటాడు. అవార్డుల గురించి అడుగుతాననుకుంటాడు. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు జనరల్ కేటగిరీలో పీజీ 55 శాతం ఉండాలి. ఏనాడో ఎంఏ చదువుతూ సినిమాలకు తిరిగి 54తో బయటపడినవాడికి కేన్స్ సింహం అవార్డు ఉన్నా ఆ దారి మూసుకుపోయినట్టే. 55 ఉంటే ఆ తర్వాత అధ్యాపక అర్హత పరీక్ష నెట్, లేదా రాష్ట్ర స్థాయిలో పెట్టే సెట్. మాస్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం సబ్జెక్టు. రెండు పేపర్లు కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటలు. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు గరిష్ఠ వయసు లేదు. అందుకే కళ్లజోడు తుడుచుకుంటూ నలభై అయిదేళ్లవాడు ఇరవై మూడేళ్ల పిల్లల పక్క కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. సెట్ ఆంధ్రలో ఆంధ్రా యూనివర్సిటీ, తెలంగాణలో ఉస్మానియా పెడతాయి. మధ్యలో కొన్నాళ్లు యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ తప్పనిసరి అంటూ భయపెట్టిన నిబంధనను యూజీసీ 2023 జూన్‌లో సవరించింది. ఇప్పుడు నెట్, సెట్ కనీస అర్హత, పీహెచ్‌డీ అదనం. అది చెయ్యాలంటే కనీసం మూడేళ్లు. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌లో చేసే వీలుంది.

ఇవేవీ అక్కర్లేని దారి 2022 సెప్టెంబరులో తెరుచుకుంది. ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్. తన రంగంలో కనీసం 15 ఏళ్లు, వీలైతే పెద్ద స్థాయిలో పనిచేసినవాళ్లను డిగ్రీలతో నిమిత్తం లేకుండా తీసుకోవచ్చని యూజీసీ మార్గదర్శకాలు ఇచ్చింది. మంజూరైన పోస్టుల్లో పది శాతం మించకూడదు. మొదట ఏడాది వరకు ఇస్తారు, తర్వాత పొడిగిస్తారు. జీతం సంస్థ సొంత నిధుల నుంచి రావాలి, లేదా పరిశ్రమ ఇవ్వాలి, లేదా గౌరవ హోదాగా ఉండాలి. ఈ చివరి మాట మన రాష్ట్ర యూనివర్సిటీల ఖజానా తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

డబ్బు గురించి దాపరికం ఎందుకు? పర్మనెంట్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం ఏడో వేతన సంఘం ప్రకారం 57,700తో మొదలవుతుంది. ఆ పోస్టులకు నోటిఫికేషన్ రావడమే గగనం. మనలాంటివాళ్లు మొదట చేరేది గెస్ట్ ఫ్యాకల్టీగా. 2019లో యూజీసీ నిర్దేశించిన రేటు పాఠానికి 1,500, నెలకు 50 వేలు మించకూడదు. చాలా చోట్ల అంత కూడా ఇవ్వరు, సెలవుల నెలల్లో అసలే రాదు. ఏజెన్సీలో ఒక పిచ్ ముందు రాత్రి టీములందరికీ తెప్పించే బిర్యానీ బిల్లు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఇంటి అప్పు తీరి, పిల్లల చదువులు ఒక కొలిక్కి వచ్చినవాళ్లే ఎక్కువగా ఇటు రాగలుగుతున్నారంటే తప్పు వాళ్లది కాదు. మహిళలు ఈ లెక్క ఇంకాస్త ముందే వేసుకోవాల్సి వస్తోంది. ఏజెన్సీ పనివేళలకు ఇల్లు సర్దుకోలేక ముప్పైల్లోనే బయటికొచ్చి, గెస్ట్‌గా ఏళ్లతరబడి ఉండిపోయిన మంచి కాపీరైటర్లు నాకు తెలుసు.

ఆవకాయ సీసా

ఇక గదిలోకి వద్దాం. ఏజెన్సీ మనిషికి క్లాసులో మొదటి శత్రువు తన చేతివాటమే. జూనియర్ తెచ్చిన లైను బాగోకపోతే కలం తీసుకుని, రెండు మాటలు కొట్టేసి, ఒకటి తిప్పి రాసి ఇచ్చేయడం అలవాటు. అక్కడ అది తప్పు కూడా కాదు. రాత్రి ఎనిమిదికి పేపరుకు మెటీరియల్ వెళ్లాలి, క్లయింట్ లైన్లో ఉంటాడు. క్లాసులో అదే పని చేస్తే లైను బాగుపడుతుంది, పిల్ల అక్కడే ఉండిపోతుంది.

ఈమధ్య ఒక అసైన్‌మెంట్ ఇచ్చాను. ఆవకాయ సీసా, హాస్టల్ పిల్లలకు అమ్మాలి. వచ్చిన కాగితాల్లో సగం ‘అమ్మ చేతి రుచి’. ఏఐని అడిగినా మొదట అదే ఇచ్చిందని పిల్లలే ఫోను తీసి చూపించారు. దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి, తెలుగు మీడియం, కాగితం ఇచ్చి నిలబడింది.

‘‘ఈ ముక్క పక్క కంపెనీ సీసా మీద అంటిస్తే ఏమవుతుంది?’’ అన్నాను.

‘‘ఏం కాదు సార్. అదీ సరిపోతది.’’

‘‘మరి?’’

ఏమీ మాట్లాడకుండా కాగితం తీసుకుని వెళ్లిపోయింది. మరుసటి వారం హెడ్‌లైన్ తేలేదు, మూడు పేజీలు తెచ్చింది. తన హాస్టల్లో పచ్చడి సీసా జీవితం అంతా రాసింది. ఊరి నుంచి వచ్చినరోజు దాన్ని ట్రంకు పెట్టెలో బట్టల కింద ఎలా దాస్తారో, మెస్‌లో ఉడకని అన్నం పెట్టిన పూట ఎవరు ముందు తలుపు తడతారో, తడి చెంచా పెట్టినవాళ్లతో ఎన్నాళ్లు మాటలుండవో, అడుగున నూనె మిగిలాక కూడా సీసా ఎందుకు పారెయ్యరో. చదువుతుంటే నాకు ఒక లైను తట్టేసింది. మంచి లైనే. నాలుక చివర ఉంది. మింగేశాను.

ఆ తర్వాతి వారం వచ్చింది: ‘సంక్రాంతి దాకా నిలవుంటుంది. మీ రూమ్మేట్లకు కనబడకపోతే మాత్రమే.’

‘‘పైకి చదువు’’ అన్నాను. చదివింది. ‘‘మళ్లీ చదువు.’’ రెండోసారి చదువుతూ తనే ఆగి, ‘మాత్రమే’ కొట్టేసింది. ‘మీ’ కూడా కొట్టేసింది. వెనక బెంచీవాళ్లు నవ్వారు. నా లైను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆమెదే బాగుంది.

ఆ లైనుకు ఎన్ని మార్కులు వెయ్యాలన్నది ఇంకో బాధ. ఏజెన్సీలో పాసయిందా లేదా, రెండే. ఇక్కడ ఇంటర్నల్స్‌లో ఒకరికి పద్నాలుగు, ఇంకొకరికి పదిహేను ఎందుకో అడుగుతారు. చెప్పాలి. ‘నాకలా అనిపించింది’ అంటే కుదరదు. క్రియేటివ్ డైరెక్టర్‌గా ఉన్నన్నాళ్లూ ఆ ఒక్క మాట మీదే బతికినవాళ్లం కదా! ఏఐడీఏ, డాగ్‌మార్ లాంటి సిద్ధాంతాలను చూసి ఏజెన్సీలో నవ్వుకునేవాణ్ని. పద్నాలుగుకూ పదిహేనుకూ మధ్య తేడా చెప్పాల్సి వచ్చినప్పుడు వాటి విలువ తెలిసింది. వాల్టర్ డిల్ స్కాట్ అనే మనస్తత్వ ఆచార్యుడు 1903లోనే ప్రకటనల సిద్ధాంతం మీద పుస్తకం రాశాడు. మనం రాత్రిళ్లు కిందా మీదా పడి కనిపెట్టామనుకున్న సంగతులు చాలా అందులో ఉన్నాయి.

పీహెచ్‌డీకి చేరినవాళ్ల కష్టాలు వేరు. ఇరవై ఏళ్లు మాటలు తగ్గించడం నేర్చుకున్న చేతితో మూడొందల పేజీలు రాయాలి. గైడ్ ప్రతి పేరా పక్కన ‘దీనికి ఆధారం?’ అని రాస్తారు. ‘నేనే చేశాను ఆ క్యాంపెయిన్’ అనేది ఆధారం కిందికి రాదు.

పిల్లలు అడిగేవి

ఈ గదిలో క్లయింట్ ఉండడు. దానివల్ల వచ్చే స్వేచ్ఛ మొదట్లో బాగుంటుంది, తర్వాత చెమటలు పట్టిస్తుంది. ఇందాకటి జేమ్స్ వెబ్ యంగ్‌నే తీసుకుందాం. 1919లో ఓడోరోనో అనే చెమట మందుకు ఆయన రాసిన ప్రకటన, ఆడవాళ్ల చంక వాసన గురించి అంతకుముందు ఎవరూ అనని మాట అన్నది. అది అచ్చయిన పత్రికకు 200 మంది దాకా పాఠకులు చందా మానేశారు. సరుకు అమ్మకాలు ఏడాదిలో 112 శాతం పెరిగాయి. ఏజెన్సీలో ఇది విజయగాథ. క్లాసులో చెబితే ఒకమ్మాయి లేచి, ‘‘అంటే లేని సిగ్గును పుట్టించి మందు అమ్మారా సార్?’’ అంది. అక్కడి నుంచి సంభాషణ ఫెయిర్‌నెస్ క్రీముల మీదికి వెళ్లింది. ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. పేరు మారితే ప్రకటన మారినట్టేనా అని గంటసేపు కొట్టుకున్నారు. నేను బల్ల మీద కూర్చుని విన్నాను.

ర్యాంకుల ప్రకటనల సంగతి ఇంకా దగ్గరిది. ఫలితాలొచ్చిన మర్నాడు పేపర్లో ఫుల్‌పేజీ, టీవీలో ‘ఒకటి, ఒకటి, ఒకటి’ అంటూ ఊపిరి తీసుకోకుండా చదివే గొంతు. తెలుగునాట పెరిగినవాడికి వివరించక్కర్లేదు. అతిశయోక్తి ప్రకటనల మీద ఫిర్యాదులు చూసే ఆస్కీ 1985లోనే పుట్టింది, విద్యాసంస్థల ప్రకటనలకు దాని నియమాలు వేరుగా ఉన్నాయి. అవన్నీ బోర్డు మీద రాసి, పాత పేపరు పేజీ ఒకటి పరిచి, ఇందులో ఏ వాక్యం నిలబడుతుందో చెప్పమన్నాను. మూలన కూర్చున్న కుర్రాడు దగ్గరికొచ్చి, కింది వరసల్లో స్టాంపు సైజు ఫొటో మీద వేలు పెట్టాడు.

‘‘ఇది నేనే సార్.’’

ఆ పేజీలో ఫొటోకు ఎంత చోటు, హాల్‌టికెట్ నంబరుకు ఎంత పాయింటు సైజు అని కొలిచే పని ఏజెన్సీల్లో ఎన్నోసార్లు చేసిన చేతులివి. ఇలాంటి పేజీలో ఉన్న మనిషి ఎదురుగా నిలబడటం ఏజెన్సీలో ఎప్పుడూ జరగదు. ఆ రోజు పాఠం అతనే చెప్పాడు. ఫొటో ఎప్పుడు తీశారు, ఏ బ్యాచ్ పిల్లలకు అసలు ఫొటోలే తియ్యలేదు, ఆ పేజీని వాళ్ల నాన్న ఫ్రేము కట్టించి ఎక్కడ పెట్టారు, అన్నీ. నా స్లైడ్లు సంచిలోనే ఉండిపోయాయి.

రావాలనుకునేవాళ్లకు నేను చెప్పేది కొంచెం కఠినంగా ఉంటుంది. కథలు చెప్పడానికి రావద్దు. ‘1975లో లిరిల్ యాడ్ ఎలా తీశారంటే’ అని మొదలుపెడితే, 2005 తర్వాత పుట్టిన పిల్లలు మర్యాదగా విని, బల్ల కింద ఫోను చూసుకుంటారు. అవార్డు రీళ్లు ఇంట్లో పెట్టి, క్లయింట్ తిరగ్గొట్టిన లేఅవుట్ల ఫైలు తీసుకురండి. వాళ్లకు పనికొచ్చేది అదే. నెగ్గిన ప్రకటన యూట్యూబ్‌లో దొరుకుతుంది, ఓడిపోయిన ఆరు వెర్షన్లు ఎక్కడా దొరకవు. ముందు ఒక్క పేపరుకు, ఒక్క సెమిస్టరుకు గెస్ట్‌గా చెప్పి చూడండి. ఉద్యోగం అప్పుడే వదలకండి.

యూనివర్సిటీలకు చెప్పాల్సింది కూడా ఉంది. ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్‌గా ఒక సంస్థలో మూడేళ్లు మించి ఉంచకూడదని, అసాధారణ సందర్భాల్లో ఇంకో ఏడాది పొడిగించవచ్చని యూజీసీ రాసింది. బయటి అనుభవం తాజాగా ఉండాలన్న ఉద్దేశం కావచ్చు. కానీ ఏజెన్సీ నుంచి వచ్చినవాడికి మొదటి ఏడాది నోరు అదుపులోకి రావడానికి పోతుంది. రెండో ఏడాది చెయ్యి అదుపులోకి వస్తుంది. సిలబస్‌లో ఒక పేపరు మార్చాలంటే బోర్డ్ ఆఫ్ స్టడీస్ కూర్చుని, అది పైకి వెళ్లి, అమలయ్యేసరికి మూడో ఏడాది. ఆ కొత్త పేపరు మొదటి బ్యాచ్ క్లాసులోకి వచ్చి కూర్చునే జులైలో, దాన్ని రాసిన మనిషి రిలీవింగ్ ఆర్డర్ మీద సంతకం పెడుతుంటాడు.